టీకాలన్నీ వేయించినా బాబుకు కోరింత దగ్గు వచ్చిందంటే, ఆ టీకా దండగేనా?

అమ్మా, మీరు రాసింది మొత్తం చదివాను. ఎనిమిదేళ్ల బాబుకు పసితనంలో టీకాలన్నీ వేయించారు. అయినా కోరింత దగ్గు వచ్చిందని మహబూబ్‌నగర్‌లో ముక్కులోంచి నమూనా తీసి, హైదరాబాద్‌కు పంపి తేల్చారు. అలాంటప్పుడు టీకా ఎందుకు అని అడిగారు. అమెరికాలో ఈ దగ్గు వచ్చినవాళ్లలో ఎక్కువమంది టీకా పడ్డవాళ్లేనని మీ మరిది ఫోన్‌లో చూపించారు, అది నిజమా అని అడిగారు. ఇంట్లో ఉన్న 35 రోజుల పాపకు సర్కారు టీకా వేయించాలా, ప్రైవేటులో ‘నొప్పి లేని సూది’ వేయించాలా, ఏదీ వద్దా అన్నది మూడో ప్రశ్న. నల్లగొండ జిల్లాలో చాలా ఏళ్లుగా పిల్లల వైద్యం చేస్తున్నాను కాబట్టి ఈ మూడూ నాకు తరచూ ఎదురయ్యే ప్రశ్నలే. కానీ మీరు అడగని సంగతి ఒకటుంది. ముందు అది చెప్పాలి. మిగతావి రేపు చదువుకున్నా ఫరవాలేదు.

ఆ పాపను ఇవాళే పిల్లల డాక్టరుకు చూపించండి. దగ్గు లేకపోయినా చూపించండి. ఇంట్లో ఒకరికి కోరింత దగ్గని తేలితే పసిపిల్లకూ, పాలిచ్చే తల్లికీ, ఎత్తుకు తిప్పే నాయనమ్మకూ, ఒకే కప్పు కింద ఉండే అందరికీ ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ ఇస్తారు. మామూలుగా అజిత్రోమైసిన్, 5 రోజులు. పాప మోతాదు పాప బరువును బట్టి డాక్టరే రాయాలి. బాబు సీసాలోంచి కొంచెం పాపకు పోయడం లాంటివి చేయకండి. బాబుకు దగ్గు మొదలై 12 రోజులైందని రాశారు. మూడు వారాలు దాటలేదు కాబట్టి మందు ఇప్పుడు మొదలుపెడితే ఫలితం ఉంటుంది. బాబుకు మందు మొదలై 5 రోజులు పూర్తయ్యేదాకా పాప దగ్గరికి రానీయకండి, బడికీ పంపకండి.

ఇంత తొందర ఎందుకంటే, మూడు నెలల లోపు పిల్లల్లో ఈ జబ్బు మనం అనుకునే రూపంలో రాదు. పెద్దపిల్లలు దగ్గి దగ్గి, ఊపిరి అందక చివర్లో ‘హూప్’ మని గాలి లోపలికి లాగుతారు. పసిపిల్లకు అలా లాగే శక్తి ఉండదు. ఒక్కోసారి దగ్గే ఉండదు. కొన్ని క్షణాలు ఊపిరి ఆగుతుంది, పెదాల చుట్టూ నీలం కడుతుంది, పిల్ల వాలిపోతుంది. ‘దగ్గేం లేదు సార్, పాలు సరిగ్గా తాగట్లేదు అంతే’ అని తీసుకొచ్చిన పిల్లల్ని గంటలోపు ఆక్సిజన్ మీద పెట్టాల్సిన పరిస్థితులు ఉంటాయి. ఈ క్రిమి విడిచే విషం వల్ల రక్తంలో తెల్లకణాలు విపరీతంగా పెరిగి, ఊపిరితిత్తుల్లోని సన్నటి రక్తనాళాలకు అడ్డం పడతాయి. ఆ దశకు చేరితే ఎంత పెద్ద ఆసుపత్రిలోనైనా కాపాడటం కష్టమే. పాప ఊపిరి ఆగినట్టనిపించినా, నీలంగా మారినా, పాలు పట్టడం మానేసినా రాత్రనక పగలనక బయల్దేరండి. మీ కల్వకుర్తి నుంచి మహబూబ్‌నగర్ దగ్గరా హైదరాబాద్ దగ్గరా అని లెక్కలు వేయకండి. పసిపిల్లలకు ఆక్సిజన్, ఐసీయూ సౌకర్యం ఎక్కడుందో 108 వాళ్లను అడిగి అక్కడికే వెళ్లండి.

ఇక బాబు సంగతి. టీకాలన్నీ వేయించామన్నారు కానీ, మీరు పంపిన వివరాల్లో ఆరు, పది, పద్నాలుగు వారాల పెంటావాలెంట్ (కోరింత దగ్గుతో కలిపి అయిదు జబ్బులకు ఒకే సూది) మూడు డోసులు, ఏడాదిన్నరకు ఒక డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) బూస్టర్ మాత్రమే ఉన్నాయి. అయిదేళ్లకు వేయాల్సిన రెండో బూస్టర్ లేదు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. మన వైపు పది కార్డులు తిరగేస్తే చాలావాటిలో ఆ గడి ఖాళీగానే కనిపిస్తుంది. పిల్ల అంగన్‌వాడీ దాటి బడికి పోవడం మొదలయ్యాక టీకాల సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు, గుర్తుచేసేవాళ్లూ తక్కువ. అంటే మీ బాబుకు చివరి డోసు పడి ఆరేళ్లు దాటింది. కోరింత దగ్గు టీకా ఇచ్చే రక్షణ నాలుగు నుంచి పన్నెండేళ్లలో క్రమంగా తరిగిపోతుందని పలు దేశాల అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధకులు తేల్చారు. ఆ మాటకొస్తే జబ్బు చేసి తగ్గినా జీవితాంతం రక్షణ ఉండదు. అదీ నాలుగు నుంచి ఇరవై ఏళ్లలో తరిగిపోయేదే. తట్టు ఒకసారి వస్తే మళ్లీ రాదు కదా, ఇదీ అంతే అనుకుంటారు చాలామంది. ఇది అంతే కాదు.

బాబు విషయంలో ఇంకొకటి గమనించండి. అతనికి దగ్గు వచ్చింది, రాత్రుళ్లు వాంతి చేసుకుంటున్నాడు, నిద్ర లేదు. కానీ న్యుమోనియా రాలేదు, ఫిట్స్ రాలేదు, ఆసుపత్రిలో చేర్చాల్సిన పని పడలేదు. ఎనిమిదేళ్ల వయసు కూడా అందుకు కారణమే. టీకా పూర్తిగా ఆపలేకపోయినచోట కూడా జబ్బును తేలికపరుస్తుంది. ఎన్నో దేశాల్లో చూసిన సంగతే ఇది.

మీ మరిది చూపించిన మాట అబద్ధం కాదు. కానీ ఆ మాట నుంచి తీసిన అర్థం తప్పు. లెక్క వేసి చూపిస్తాను, ఆయనకూ చూపించండి. ఇది ఊహించుకున్న లెక్క. ఒక మండలంలో 1000 మంది పిల్లలున్నారు. 900 మందికి టీకా పడింది, 100 మందికి పడలేదు. కోరింత దగ్గు వచ్చింది. టీకా లేని వందమందిలో సగం, అంటే 50 మంది దగ్గారు. టీకా నూటికి 80 పాళ్లు పనిచేస్తుందనుకుందాం. అప్పుడు టీకా పడ్డవాళ్లలో సగం మందికి బదులు పదిమందిలో ఒకరికి వస్తుంది, అంటే 90 మందికి. మొత్తం 140 మంది రోగుల్లో 90 మంది టీకా వేయించుకున్నవాళ్లే! ‘ఎక్కువమంది టీకా పడ్డవాళ్లే’ అన్న మాట అక్షరాలా నిజం. కానీ ఆ టీకానే లేకపోతే ఆ 900 మందిలో 450 మంది దగ్గేవాళ్లు. 360 మంది పిల్లలు తప్పించుకున్నారు. తప్పించుకున్నవాళ్లు ఏ దవాఖానకూ రారు కాబట్టి వాళ్ల సంఖ్య ఎవరి ఫోన్‌లోనూ కనిపించదు. టీకా ఎంత ఎక్కువమందికి పడితే రోగుల్లో టీకా పడ్డవాళ్ల వాటా అంత పెరుగుతుంది. నూటికి నూరుమందికీ వేస్తే రోగులందరూ టీకా పడ్డవాళ్లే అవుతారు.

అయితే, ఈ లెక్క చెప్పేసి ‘టీకా మీద వాదనంతా పుకార్లే’ అని తోసేసే డాక్టర్లతో నేను ఏకీభవించను. కోరింత దగ్గు టీకా గురించి శాస్త్రవేత్తల మధ్యే గట్టి చర్చ ఉంది. దాన్ని దాచిపెడితే తల్లిదండ్రులకు అనుమానం ఇంకా పెరుగుతుంది. కాబట్టి ఆ చర్చ ఏమిటో చెబుతాను.

ఈ క్రిమిని బెల్జియంలో జూల్ బోర్డే, ఆక్టేవ్ జెంగూ 1906లో వేరుచేశారు. తర్వాతి ఇరవై ఏళ్లలో టీకాలు వచ్చాయి. డెన్మార్క్‌కు చెందిన థోర్వాల్డ్ మాడ్సన్ 1920లలో ఫారో దీవుల్లో టీకా వేసి చూశాడు. టీకా పడ్డవాళ్లలోనూ చాలామందికి దగ్గు వచ్చింది, కానీ టీకా లేనివాళ్లతో పోలిస్తే వాళ్లలో చావులు చాలా తక్కువ. వందేళ్ల కిందట తేలిన ఈ ఫలితమే ఇవాళ మీ ఇంట్లోనూ కనిపిస్తోంది. 1930లలో అమెరికాలో గ్రాండ్ రాపిడ్స్ అనే ఊళ్లో పెర్ల్ కెండ్రిక్, గ్రేస్ ఎల్డరింగ్ అనే ఇద్దరు మహిళలు పగలు ప్రయోగశాలలో పని ముగించుకుని, సాయంత్రాలు పేదల ఇళ్లకు తిరిగి దగ్గే పిల్లల నుంచి నమూనాలు తెచ్చారు. టీకా పడ్డ పిల్లల్నీ పడని పిల్లల్నీ పక్కపక్కన పెట్టి లెక్కగట్టి, టీకా పనిచేస్తుందని నమ్మకంగా చూపించారు. ఒక బ్యాచ్ బాగుండి ఇంకొకటి బాగుండకపోవడం అప్పటి పెద్ద సమస్య. టీకా బలాన్ని కొలిచే పద్ధతిని కనిపెట్టడంలోనూ కెండ్రిక్ పాత్ర పెద్దది. ‘కోరింత దగ్గు టీకా’ అన్న పేరుతో వచ్చినవన్నీ ఒకే నాణ్యతవి కావన్న సంగతి తర్వాతా బయటపడుతూనే ఉంది. 1990లలో స్వీడన్, ఇటలీల్లో జరిగిన పరీక్షల్లో ఒక కంపెనీ పాతరకం టీకా (చంపిన క్రిమిని మొత్తంగా వాడేది) నూటికి 50 పాళ్లు కూడా పనిచేయలేదు. వేరేచోట్ల అదే రకానికి చెందిన ఇతర కంపెనీల టీకాలు చక్కగా పనిచేశాయి.

టీకా ఆపితే ఏమవుతుందో మనం ఊహించాల్సిన పని లేదు, మూడు దేశాల్లో టీకా ఆగడమో, బాగా తగ్గడమో జరిగింది. బ్రిటన్‌లో 1974లో లండన్ డాక్టర్లు కొందరు టీకా వల్ల పిల్లల మెదడు దెబ్బతింటోందేమోనని రాశారు. గ్లాస్గో ప్రొఫెసర్ గోర్డన్ స్టీవార్ట్ టీకా వల్ల లాభం కన్నా నష్టమే ఎక్కువని వాదించాడు. టీకా రాకముందే మరణాలు తగ్గాయన్నది ఆయన వాదన. అందులో కొంత నిజముంది. తిండి, ఇళ్లు మెరుగుపడటం వల్ల, తర్వాత యాంటీబయాటిక్‌ల వల్ల మరణాలు తగ్గాయి. కానీ జబ్బు తగ్గలేదు, అది తగ్గింది టీకా తర్వాతే. నూటికి దాదాపు 80 మంది పిల్లలు వేయించుకునే టీకా 30 మందికి తగ్గిపోయింది. 1977 నుంచి 79 దాకా లక్షకు పైగా పిల్లలు జబ్బుపడ్డారు. జపాన్‌లో ఇద్దరు పసిపిల్లలు టీకా తర్వాత చనిపోయారని 1975లో కొంతకాలం ఆపారు. 1974లో అక్కడ నాలుగు వందల లోపు కేసులు, ఒక్క చావు లేదు. 1979లో 13,000 కేసులు, 41 మంది చనిపోయారు. స్వీడన్ కథ వేరు. తమ టీకా బలం తగ్గిందని, పడ్డవాళ్లకూ వస్తోందని 1979లో వాళ్లు ఆపేశారు. మీరు అడిగినట్టే వాళ్లూ ‘పనిచేయనిది ఎందుకు’ అనుకున్నారు. 1996లో క్రిమి ముక్కలతో చేసిన కొత్తరకం వచ్చేదాకా పిల్లలు మళ్లీ పాత రోజుల్లోలాగే దగ్గారు.

మెదడు దెబ్బతింటుందన్న భయం గురించి ఒక మాట. పాతరకం టీకా తర్వాత జ్వరం రావడం, ఆ జ్వరంలో కొందరికి ఫిట్స్ రావడం నిజం. చూడటానికి ఘోరంగా ఉంటుంది కానీ ఆ ఫిట్స్ మెదడుకు శాశ్వత నష్టం చేయవు. టీకా వల్లే పిల్లలు తీవ్రమైన మూర్ఛతో మందబుద్ధులయ్యారని ఏళ్ల తరబడి నమ్మిన 14 మందిని ఆస్ట్రేలియా డాక్టర్లు 2006లో జన్యుపరీక్ష చేస్తే, 11 మందిలో పుట్టుకతో వచ్చిన ఒక జన్యులోపం కనబడింది. ఏ జ్వరం వచ్చినా వాళ్లలో ఆ మూర్ఛ మొదలయ్యేదే.

ఆ భయాల నుంచి పుట్టిందే మీరడిగిన ‘నొప్పి లేని సూది’. పాతరకంలో చంపిన క్రిమిని మొత్తంగా వాడతారు. సర్కారు పెంటావాలెంట్‌లో, డీపీటీలో ఉండేది ఇదే. జపాన్‌లో యూజీ సాటో, ఆయన సహచరులు క్రిమిలోంచి రెండు మూడు ముక్కల్ని మాత్రమే శుద్ధిచేసి టీకా తయారుచేశారు. 1981 నుంచి అక్కడ వాడుతున్నారు. 1990ల నుంచి అమెరికా, యూరప్‌లో చాలా దేశాలు కూడా దానికే మారాయి. జ్వరం, వాపు, ఏడుపు బాగా తగ్గాయి. మొదటి పరీక్షల్లో ఫలితం కూడా నూటికి 84, 85 పాళ్లు కనిపించింది. అందరూ సంతోషించారు.

తర్వాత పదిహేనేళ్లకు అసలు సంగతి బయటపడింది. 2010లో కాలిఫోర్నియాలో 9,000కు పైగా కేసులు, 10 మంది పసిపిల్లల మరణాలు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది రెండు నెలలు కూడా నిండనివాళ్లు. 2012లో అమెరికా అంతటా 48,277 కేసులు. 1955 తర్వాత అంత పెద్ద సంఖ్య అదే. మీ మరిదికి వచ్చిన సందేశానికి మూలం ఈ సంవత్సరాలే అయ్యుంటుంది. కాలిఫోర్నియాలో పరిశోధకులు పిల్లల రికార్డులు తీసి చూస్తే, అయిదో డోసు తర్వాత ఏడాది గడిచేకొద్దీ జబ్బు వచ్చే అవకాశం సగటున నూటికి 42 పాళ్లు పెరుగుతూ పోయింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 1998లో పుట్టిన పిల్లల్ని చూశారు. ఆ పిల్లల్లో కొందరికి పాతరకం, కొందరికి కొత్తరకం పడింది. పదేళ్ల తర్వాత జబ్బు వ్యాపించినప్పుడు, కొత్తరకం మాత్రమే పడ్డవాళ్లకు పాతరకం పడ్డవాళ్లకన్నా మూడు రెట్లు ఎక్కువగా వచ్చింది.

ఎందుకిలా? రెండు మూడు ముక్కల్ని మాత్రమే చూపిస్తే శరీరం వాటినే గుర్తుపెట్టుకుంటుంది. ఒక మనిషి ముక్కూ చెవీ మాత్రమే చూపించి జాతరలో వాణ్ని పట్టుకోమన్నట్టు ఉంటుంది ఇది. క్రిమి కూడా ఊరుకోలేదు. టీకాలో ఉన్న పెర్టాక్టిన్ అనే ముక్క తన దగ్గర లేకుండా చేసుకున్న క్రిములు అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఎక్కువయ్యాయి. ఇంకో ముఖ్యమైన ఫలితం కోతుల మీద వచ్చింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పరిశోధకులు బబూన్ కోతులకు కొత్తరకం టీకా వేసి క్రిమిని సోకిస్తే, వాటికి జబ్బు రాలేదు. కానీ గొంతులో క్రిమి వారాల తరబడి ఉండిపోయింది, వాటితో పాటు ఉంచిన టీకా పడని కోతులకూ అంటుకుంది. పాతరకం పడ్డవాటిలో క్రిమి త్వరగా పోయింది. అంటే కొత్తరకం టీకా వేసుకున్నవాణ్ని కాపాడుతుంది కానీ, వాడి పక్కన పడుకున్న పసిపిల్లను కాపాడుతుందన్న నమ్మకం తక్కువ.

కాబట్టి మీ మూడో ప్రశ్నకు నా జవాబు ఇది. సర్కారు దవాఖానలో ఉచితంగా వేసే పెంటావాలెంట్ రెండో తరగతి టీకా కాదు. డబ్బుల్లేనివాళ్లకు వేసే సూది అన్న చిన్నచూపు మన పట్టణాల్లో బాగా ఉంది, దాని వల్ల అప్పు చేసి మరీ వేలకు వేలు పెడుతున్నారు. పాతరకం వాడుతున్న దేశాలు పసిపిల్లల మొదటి డోసులకు దాన్నే కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో స్పష్టంగా చెప్పింది. మీకు స్తోమత ఉండి, జ్వరం భయంతో నొప్పి లేనిది వేయిస్తానంటే వద్దనను, అదీ పనిచేస్తుంది. కానీ అలా మొదలుపెడితే తర్వాతి బూస్టర్లు ఒక్కటీ వదలకూడదు. ఎందుకంటే దాని రక్షణ ఇంకా త్వరగా తరుగుతుంది. నా సొంత అభిప్రాయం అడిగితే, పసిపిల్లలకు సర్కారు సూదే వేయించండి. ఆ రాత్రి జ్వరం వస్తే పారాసిటమాల్ చుక్కలు బరువును బట్టి ఇవ్వండి, తొడ వాచినచోట రుద్దకుండా తడిగుడ్డ వేయండి, పాలు మామూలుగానే పట్టండి. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. మూడు గంటలకు మించి ఆగకుండా ఏడ్చినా, పిల్ల వాలిపోయినా, ఫిట్స్ వచ్చినా మాత్రం చూపించాలి, తర్వాతి డోసు గురించి డాక్టరుతో మాట్లాడాలి.

జ్వరం గురించి ఇంత వివరంగా ఎందుకు రాశానంటే, మన దగ్గర టీకా ఆగిపోయేది వాట్సాప్ వల్ల కన్నా ఈ జ్వరం వల్లే ఎక్కువ. మొదటి సూది తర్వాత పిల్ల రాత్రంతా ఏడ్చింది, తెల్లారి తల్లి పత్తి ఏరడానికి పోలేకపోయింది, ఒకరోజు కూలి పోయింది. రెండో సూదికి ఆశా కార్యకర్త పిలిస్తే అత్త ‘అవసరం లేదు’ అంటుంది. ఆ ఇంట్లో తప్పు ఎవరిది? జ్వరం వస్తుందని ముందే చెప్పి, చుక్కల సీసా చేతిలో పెట్టి పంపితే ఆ తల్లి మళ్లీ వస్తుంది. చెప్పకుండా పంపితే రాదు.

ఇంకో పెద్ద కారణం వలస. కోస్గి, మద్దూరు, నారాయణపేట వైపు నుంచి ముంబై, పుణె పోయే కుటుంబాలు, దేవరకొండ, చందంపేట తండాల నుంచి హైదరాబాద్ చుట్టూ కట్టడాల పనికి పోయేవాళ్లు, పిల్లను వెంటే తీసుకుపోతారు. పసిపిల్ల మూడు డోసులూ పుట్టింట్లో ఉన్నప్పుడే పడతాయి కాబట్టి అవి చాలావరకు సరిగ్గానే ఉంటాయి. పదహారు నెలల బూస్టర్ వచ్చేసరికి పిల్ల ఎక్కడుందో ఎవరికీ తెలియదు, కార్డు ఊళ్లో పెట్టెలో ఉంటుంది. వలసపోయే ప్రతి తల్లికీ నేను చెప్పేది ఒకటే. కార్డు ఫోన్‌లో ఫోటో తీసుకోండి, దేశంలో ఏ సర్కారు దవాఖానలోనైనా తర్వాతి డోసు వేస్తారు. గడువు దాటితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని లేదు, ఆగినచోటి నుంచే కొనసాగిస్తారు. డీపీటీని ఏడేళ్ల వయసు దాకా వేయొచ్చు.

టీకా పనిచేయడం లేదనే మాట వెనుక ఇంకో సంగతి ఉంటుంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మన ఎండలకు టీకా పాడైపోతుందని అందరూ భయపడతారు. కానీ పెంటావాలెంట్‌కు, డీపీటీకి ఎండ కన్నా గడ్డకట్టడం పెద్ద శత్రువు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాల్సిన మందును ఎండాకాలం భయంతో ఫ్రీజర్‌లో పెట్టినా, డబ్బాలో నేరుగా ఐసుకు ఆనించినా ఒకసారి గడ్డకట్టి కరిగిందంటే బలం పోతుంది. చూడటానికి మాత్రం మామూలుగానే ఉంటుంది. సీసా మీద ఉండే గుండ్రటి గుర్తులోని చతురస్రం రంగు వేడి సంగతి చెబుతుంది కానీ, గడ్డకట్టిన సంగతి చెప్పదు. బుధవారం, శనివారం సెషన్లు పెట్టే ఏఎన్ఎంలకు ఇది శిక్షణలో చెబుతారు, చాలామంది జాగ్రత్తగానే ఉంటారు. ఇంట్లో వాడే ఫ్రిజ్‌లో కూరగాయల పక్కన టీకాలు పెట్టే చిన్న క్లినిక్‌లలో వేయించుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

దగ్గు రోజుల తరబడి ఉంటే ప్రతిదీ కోరింత దగ్గు కాదు. మీ బాబుకు పరీక్షలో తేలింది కాబట్టి అనుమానం లేదు, కానీ ఇది చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. కొన్ని వైరస్‌లు అచ్చం ఇలాగే దగ్గిస్తాయి, అప్పుడు టీకా పనిచేయలేదని అనుకోవడం పొరపాటు. టీబీ ఉండొచ్చు, ఆయాసం ఉండొచ్చు. మన పాలమూరులో పల్లీల కాలంలో ఒక్కసారిగా మొదలైన దగ్గు రెండు వారాలైనా తగ్గకపోతే, పల్లిగింజ గొంతు దాటి ఊపిరితిత్తుల్లోకి పోయిందేమో చూడాలి. నాలుగైదేళ్ల లోపు పిల్లలకు గింజలు పెట్టొద్దనేది అందుకే.

ఇంట్లో పెద్దవాళ్లు గాడిద పాలు పట్టమంటున్నారని రాశారు. వీధుల్లో గాడిదను తోలుకొచ్చి చెంచాల్లెక్కన అమ్మే పాలు ఈ దగ్గును తగ్గించవు. పచ్చివి కాబట్టి పసిపిల్లకు వేరే జబ్బులు తెస్తాయి. దగ్గు తగ్గడానికి పొట్ట మీద చురకలు వేయడం ఇంకా ఘోరం. ఆర్ఎంపీ ఇచ్చే దగ్గు సిరప్‌ల వల్లా ఉపయోగం లేదు. యాంటీబయాటిక్ ఇచ్చాక కూడా బాబుకు దగ్గు ఇంకొన్ని వారాలు ఉంటుంది. క్రిమి పోయినా అది చేసిన గాయం మానడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. రెండు మూడు నెలలు కూడా పట్టొచ్చు, మందు పనిచేయలేదని డాక్టర్లను మార్చకండి. పొగ, పొయ్యి దగ్గరికి రానీయకండి. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినిపించండి, వాంతి అయితే కాసేపాగి మళ్లీ పెట్టండి. బాబు కోలుకున్నాక మిగిలిన టీకాలు మానేయకండి. ఏడేళ్లు దాటాడు కాబట్టి డీపీటీ పనికిరాదు, పెద్దపిల్లల కోసం తక్కువ మోతాదులో తయారుచేసిన టీడ్యాప్ ఉంటుంది. ఎప్పుడు వేయాలో డాక్టరును అడగండి.

పాపకు ఆరు వారాలు నిండటానికి ఇంకో వారం ఉంది. నిండిన వెంటనే వచ్చే బుధవారమో శనివారమో మొదటి పెంటావాలెంట్ వేయించండి, ముందుజాగ్రత్త మందు వాడుతోందని వాయిదా వేయకండి. మొదటి డోసుతోనే తీవ్రమైన జబ్బు నుంచి దాదాపు సగం రక్షణ వస్తుంది, రెండో డోసుతో బాగా పెరుగుతుంది. ‘నొప్పి లేనిదా, సర్కారుదా’ అని ఆలోచిస్తూ పదిహేను రోజులు పోగొట్టుకోవడం ఏ రకం వేయించినదానికన్నా ఎక్కువ నష్టం.

చివరగా, మీ ఆడబిడ్డ ఏడో నెలతో పురిటికి మీ ఇంటికే వచ్చిందని రాశారు. పుట్టిన రోజు నుంచి ఆరు వారాల దాకా పసిపిల్లకు కోరింత దగ్గు టీకా పడదు, కాలిఫోర్నియాలో పిల్లలు ఎక్కువగా పోయింది అంత లేత వయసులోనే. ఆ ఖాళీని పూడ్చే దారి తల్లి గర్భంతో ఉన్నప్పుడే టీకా వేయడం. తల్లి ఒంట్లో తయారైన రక్షణ మాయ ద్వారా బిడ్డకు చేరుతుంది. ఇంగ్లండ్‌లో 2012 అక్టోబర్‌లో గర్భిణులందరికీ మొదలుపెడితే, మూడు నెలల లోపు పిల్లల్లో పదింట తొమ్మిది పాళ్లు పనిచేసింది. ఈ టీకా మీద ఇన్ని వాదనల్లో నాకు అన్నిటికన్నా గట్టిగా కనిపించే ఫలితం అదే. మన సర్కారు దవాఖానల్లో గర్భిణులకు వేసే టీడీలో ధనుర్వాతం, కంఠసర్పి ఉంటాయి, కోరింత దగ్గు ఉండదు. టీడ్యాప్ ప్రైవేటులో కొనాలి, వెయ్యి దాటుతుంది. దీన్ని సర్కారు కార్యక్రమంలో చేర్చాలని నేను గట్టిగా కోరుకుంటాను. అప్పటిదాకా, నొప్పి లేని సూదికి పెడదామనుకున్న డబ్బు ఉంటే దీనికి పెట్టండి. 27 నుంచి 36 వారాల మధ్య వేయాలి, కాన్పుకు కనీసం రెండు వారాల ముందు పడాలి. ఆమెకు ఏడో నెలే కాబట్టి ఇంకా సమయముంది. అయితే ఇంట్లో ఇప్పుడు కోరింత దగ్గు ఉంది కాబట్టి, పాపను చూపించడానికి పోయినప్పుడు ఆమెనూ వెంటబెట్టుకుపోండి. ముందుజాగ్రత్త మందు ఆమెకూ కావాలి, టీడ్యాప్ ఏ వారంలో వేయాలో కాన్పు డాక్టరుతో అప్పుడే రాయించుకోండి.